చిన్న కారు పోషణ

కారు కొనుట ఒక్క దినమున ముగియు పని. కారును పోషించుట ప్రతిదినము జరుగవలసిన పని. మొదటిదానిని గూర్చి ఇంటిల్లిపాదియు కూర్చుండి నెలల తరబడి ఆలోచింతురు. రంగును గూర్చి పిల్లలు వాదులాడుదురు. బండి ఇంటికి వచ్చిన నాడు చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి గాని దానిని కదలింపరు. రెండవదానిని గూర్చి ఆలోచించువారు తక్కువ. బండి నడిరోడ్డున నిలిచిపోయిన నాడు గాని అది జ్ఞప్తికి రాదు. మాకును అట్లే జరిగినది. ఆనాడు మేము చెల్లించిన మూల్యమును, అటుపిమ్మట నేర్చుకొన్న లెక్కను శ్రోతల ముందుంచుట ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

మా ఇంట ఉన్నది మారుతి 800. ఉస్మానియా విశ్వవిద్యాలయమునందు అధ్యాపకులుగా పనిచేసిన మా తండ్రిగారు పదవీ విరమణ చేసిన పిమ్మట 2003 సంవత్సరమున దానిని కొనిరి. ధర రెండు లక్షల రూపాయల పైచిలుకు. తార్నాకలోని మా ఇంటినుండి క్యాంపస్‌లోని గ్రంథాలయమునకు పోయి వచ్చుటకును, పెండ్లిండ్లకు పేరంటములకు అమ్మగారిని తీసికొని పోవుటకును ఆ బండి సరిపోయెడిది. 2016లో తండ్రిగారు కీర్తిశేషులైరి. బండి మా చేతికి వచ్చెను. దాని నంబరు పలకపై నేటికిని ఏపీ అక్షరములే ఉన్నవి. 2014లో టీఎస్ వచ్చెను, 2024లో టీజీ వచ్చెను; మా బండి మాత్రము తన పాత పేరుతోనే తిరుగుచున్నది.

ఈ కారు పుట్టుకను గూర్చి కొంత చెప్పుకొందము. జపాను దేశమునందు చిన్న కార్లకు ప్రత్యేకమైన తరగతి యొకటి కలదు. వానిని కేయి కార్లందురు. ఇంజను పరిమాణమునకు ప్రభుత్వము హద్దు విధించి, ఆ హద్దులోపల నున్న బండ్లకు పన్నులలో వెసులుబాటు కల్పించెను. ఆ హద్దు 1976లో 550 సీసీలు; 1990లో 660 సీసీలు. ఈ తరగతిలో 1979 సంవత్సరమున సుజుకీ సంస్థ ఆల్టో అను కారును 4 లక్షల 70 వేల యెన్ల ధరకు విడుదల చేసెను. తేలికైన శరీరము, ముందు చక్రములను త్రిప్పు ఇంజను, తక్కువ పెట్రోలు - ఇవి దాని గుణములు. 1982 అక్టోబరులో మన ప్రభుత్వ సంస్థయైన మారుతి ఉద్యోగ్‌తో సుజుకీ ఒప్పందము చేసికొనెను. ఆ ఆల్టో వంశమునకు చెందిన బండికే మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజనును అమర్చి మారుతి 800 అని పేరు పెట్టిరి. 1983 డిసెంబరు 14వ తేదీన నాటి ప్రధాని శ్రీమతి ఇందిరా గాంధీ మొదటి కారు తాళపుచెవులను కొనుగోలుదారునకు స్వయముగా అందజేసిరి.

అంతవరకు మన వీధులలో అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని బండ్లే ఎక్కువ. ఆ బండ్ల యజమానులకు బానెట్టు ఎత్తి లోపల చూచుట నిత్యకృత్యము. నీళ్ళు పోయుట, ప్లగ్గులు తుడుచుట ప్రతివారికిని తెలిసియుండెడిది. చిన్న జపాను కారు వచ్చిన పిమ్మట ఆ అలవాటు క్రమముగా పోయెను. తాళము త్రిప్పినంతనే బండి కదలును. ఇక లోపల చూడవలసిన పని యేమి యని మనమనుకొంటిమి. ఈ బండి చేసిన మేలు ఇది. దీనివలన వచ్చిన కీడు కూడ ఇదియే. చెడిపోని వస్తువును చూచుకొనుట మానివేయుదుము. అది చెడిపోవుటకు ఆ మానివేయుటయే కారణమగును.

ఇచ్చట మరియొక విషయము గమనింపదగినది. జపానులో సొంత కారునకు మొదట మూడేండ్లకు, తరువాత ప్రతి రెండేండ్లకు ప్రభుత్వ నిబంధనల ననుసరించి సమగ్రమైన తనిఖీ జరిగి తీరవలెను. బ్రేకులు, దీపములు, చక్రములు, పొగ - అన్నిటిని పరీక్షించిన పిమ్మటనే బండి రోడ్డు మీదికి రావచ్చును. మన దేశమునందు సొంత కారునకు రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును. ఆ 15 ఏండ్లలో పొగ పరీక్ష తప్ప మరి యే తనిఖీయు తప్పనిసరి కాదు. అనగా జపానులో ప్రభుత్వము చూచు పనిని మన దేశమునందు యజమానియే చూచుకొనవలెను. అతడు చూడనిచో మరెవ్వరును చూడరు.

2019 సంవత్సరము మే నెలలో ఒక మధ్యాహ్నము. అమ్మగారికి గుండె పరీక్షలు చేయించి, విద్యానగరు వైపునుండి ఎన్.సి.సి. గేటు దాటి క్యాంపస్ లోనికి ప్రవేశించితిమి. తార్నాకలోని ఇల్లు ఇక పది నిమిషముల దూరము. అప్పుడు డాష్‌బోర్డు మీద వేడిమిని చూపు ముల్లు మధ్య గీతను దాటుచుండెను. మేము దానిని చూచితిమి. చూచియు, ఇంటికి చేరిన పిమ్మట చూచుకొందమని ముందుకు పోనిచ్చితిమి. ఇంజనీరింగు కళాశాల దాటునప్పటికి ముల్లు ఎర్రగీతను తాకెను. ఆర్ట్సు కళాశాల ఎదుటికి వచ్చునప్పటికి బానెట్టు సందులనుండి ఆవిరి వెలువడి, బండి ఒక్క కుదుపు కుదిపి నిలిచిపోయెను.

1939లో ప్రారంభోత్సవము జరుపుకొన్న ఆ గులాబిరంగు రాతి కట్టడమును చూచుటకు ఎక్కడెక్కడి వారో వచ్చుచుందురు. ఆనాడు దాని ఎదుట మేము చూచినది మా అమ్మగారి ముఖమును మాత్రమే. డెబ్బదియైదేండ్ల వయస్సు, చేతిలో మందుల సంచి, నెత్తిన మే నెల యెండ. ఆ దారిని పోవుచున్న విద్యార్థులు నలుగురు వచ్చి బండిని ప్రక్కకు నెట్టిరి. ఒక విద్యార్థిని అమ్మగారి చేయి పట్టుకొని చెట్టు నీడకు నడిపించి, తన సీసాలోని నీళ్ళు త్రాగించెను. అమ్మగారు కొంతసేపు ఊపిరి తీసికొని, మమ్ము చూచి ఒకే మాట అనిరి: "మీ నాన్న ఉంటే నీళ్లు చూడకుండ బండి తీస్తుండెనా?"

ఆ మాటకు మా వద్ద సమాధానము లేకపోయెను.

తార్నాకలో మా ఇంటికి దగ్గరలోనే చిన్న షెడ్డులో పనిచేయు మెకానిక్కు ఒకడు కలడు. అందరును అతనిని ఉస్తాద్ అని పిలుతురు. అతడు బండిని లాగించుకొని పోయి, మరునాడు విప్పి చూపెను. రేడియేటరునుండి ఇంజనుకు పోవు రబ్బరు గొట్టము ఒకటి అంచున పగిలియున్నది. "సార్, ముందుగాల ఖరాబైంది ఇంజను గాదు, ఈ పైపు" అనెను ఉస్తాద్. "పైపుకు రెండొందలు. మీరు చూడలే. ముల్లు పైకి పోయినంక గూడ ఆపలే. గిప్పుడు హెడ్డు దించాలె, గ్యాస్కెట్ మార్చాలె, హెడ్డును లేతుకు పంపాలె. తొమ్మిది వేలైతది."

అతడు చెప్పినదానిని కొంత విప్పి చెప్పవలసియున్నది. ఇంజనులో పెట్రోలు మండుటవలన పుట్టు వేడిమిలో అధిక భాగము వ్యర్థముగా పోవునదే. ఆ వేడిమిని కూలెంటు అను ద్రవము గ్రహించి రేడియేటరులో గాలికి విడిచిపెట్టును. బండి నిలిచియున్నప్పుడు విద్యుత్తుతో తిరుగు ఫ్యాను ఆ గాలిని విసరును. గొట్టము పగిలి ద్రవము తగ్గినచో ఆ వేడిమి బయటికి పోవు దారి యుండదు. ఇంజను పైభాగమైన హెడ్డు అల్యూమినియముతో చేసినది. అది మితిమీరిన వేడికి వంగును. హెడ్డునకును క్రింది భాగమునకును నడుమ నుండు పలుచని గ్యాస్కెట్ కాలిపోవును. ఇన్నూరు రూపాయల గొట్టము తొమ్మిది వేల రూపాయల పనిగా మారు విధానమిది. ముల్లు పైకి పోవుట చూచిన క్షణముననే బండిని ప్రక్కకు నిలిపి ఇంజనును ఆర్పియుండినచో గొట్టము మార్చుటతోనే సరిపోయియుండెడిది.

ఉస్తాద్ మరియొక సంగతిని చూపెను. రేడియేటరు లోపలి సన్నని గొట్టములు తెల్లని పొరతో సగము పూడుకొనియున్నవి. "బోరు నీళ్లు పోసిండ్రా సార్?" అని అడిగెను. పోసితిమి. ద్రవము తగ్గినప్పుడెల్ల కుళాయి త్రిప్పి బోరు నీటినే పోసితిమి. మన ప్రాంతపు బోరు నీటిలో సున్నపు పదార్థము ఎక్కువ. వేడినీళ్ళు కాచు గిన్నెకు అడుగున పట్టు తెల్లని గారయే రేడియేటరులోను పట్టును. శుద్ధి చేసిన నీటితో కలిపిన కూలెంటు లీటరు మూడు నాలుగు వందల రూపాయలకు దొరకును. కూలెంటు తుప్పును కూడ ఆపును. ఇందులో దోషము బండిది కాదు, అమ్మినవారిది కాదు, మాదే.

మరమ్మతు ముగిసి బండి ఇంటికి వచ్చిన నాడు, కాగితముల కొరకు ముందరి అరను వెదకగా తండ్రిగారి నోటు పుస్తకము కనబడెను. 2003నుండి వారు వ్రాసికొన్న లెక్క అది. ఒక వరుసలో తేదీ. రెండవ వరుసలో బండి తిరిగిన కిలోమీటర్లు. మూడవ వరుసలో చేయించిన పని. నాలుగవ వరుసలో వ్యయము. రేడియేటరు గొట్టములు ఏ యేడు మార్చిరో అందులో ఉన్నది. టైమింగు బెల్టు ఏ యేడు మార్చిరో ఉన్నది. 2016 ఫిబ్రవరి తరువాత పుటలన్నియు ఖాళీ. మూడేండ్ల ఆ ఖాళీ పుటలను చూచునప్పుడు బండి ఎందులకు నిలిచిపోయినదో మాకు పూర్తిగా అర్థమైనది. ఆ రాత్రియే మరుసటి వరుస మేము వ్రాసితిమి. అప్పటినుండి నేటివరకు ఆ పుస్తకము నడచుచున్నది.

ఇక ఈ చిన్న కారునకు వయస్సు మీరినకొలది వచ్చు సామాన్యమైన రుగ్మతలను చెప్పెదము. వీనిని కనిపెట్టుటకు మెకానిక్కు కానక్కరలేదు. కన్ను, చెవి, ముక్కు, చేయి చాలును.

మొదట కన్ను. ప్రతి ఆదివారము ఉదయము ఇంజను చల్లగా నున్నప్పుడు బానెట్టు ఎత్తి కూలెంటు, ఇంజను ఆయిలు, బ్రేకు ఆయిలు మట్టములను చూడవలెను. వేడిగా నున్న రేడియేటరు మూతను ఎన్నడును త్రిప్పరాదు. లోపలి ఒత్తిడికి మరుగు నీరు ముఖముపై చిమ్మును. తరువాత బండి నిలిపిన చోట నేలను చూడవలెను. నల్లని మరక ఆయిలుది. రంగు కలిసిన తియ్యని వాసన గల తడి కూలెంటుది. ఏసీ నడిపిన తరువాత కారు స్వచ్ఛమైన నీటి చుక్కలకు భయపడనక్కరలేదు. వానకాలము ముగియగానే కాళ్ళ క్రింది పట్టాలను ఎత్తి ఆరబెట్టవలెను. ఈ బండి తేలికది. దాని రేకు పలుచనిది. పట్టా క్రింద చెమ్మ నిలిచినచో నేల రేకు లోలోపలనే తుప్పు పట్టును. తలుపుల అడుగున, చక్రముల పైనుండు వంపులలో కూడ తుప్పు ముందుగా పుట్టును. ఇంజను భాగములు మార్చుకొనవచ్చును గాని, తుప్పు తిన్న శరీరమును బాగుచేయుట కష్టము, వ్యయము కూడ అధికము.

టైర్ల విషయమున ఒక మాట. తక్కువగా తిరుగు బండ్లకు టైర్లు అరుగకమునుపే ముసలివగును. రబ్బరు గట్టిపడి, సన్నని బీటలు వారును. టైరు ప్రక్క భాగమున నాలుగంకెలు అచ్చు వేసియుండును. మొదటి రెండంకెలు వారమును, తరువాతి రెండంకెలు సంవత్సరమును తెలుపును. 2319 అని ఉన్నచో అది 2019 సంవత్సరము 23వ వారమున తయారైనదని అర్థము. కొత్త టైరని కొనునప్పుడు కూడ ఈ అంకెలను చూచి కొనవలెను. మా బండి చక్రములు 12 అంగుళములవి. చిన్న చక్రమునకు చిన్న గుంతయు పెద్దదే. తార్నాక చౌరస్తానుండి క్యాంపస్ వరకు గల స్పీడు బ్రేకర్లను నెమ్మదిగా దాటిన యజమానికి ఆ మేరకు మరమ్మతుల ఖర్చు తగ్గును.

రెండవది చెవి. స్టీరింగును పూర్తిగా త్రిప్పి మలుపు తిరుగునప్పుడు ముందు చక్రము వద్ద టకటకమను శబ్దము వచ్చినచో, ఇరుసు చివరి కీలు అరిగినదని తెలియవలెను. ముందు చక్రములను త్రిప్పు బండ్లకు ఈ కీలు ప్రాణము వంటిది. దానిని రబ్బరు తొడుగు కాపాడును. తొడుగు చినిగినచో లోపలి గ్రీజు పోయి, దుమ్ము చేరి, కొద్ది నెలలలో కీలు పాడగును. తొడుగు వెల వందలలో ఉండును. ఇరుసు వెల వేలలో ఉండును. ఇది మరల రబ్బరు గొట్టము కథయే. బ్రేకు వేసినప్పుడు కీచుమను శబ్దము వినబడినచో ముందరి ప్యాడ్లు అరిగినవని తలపవలెను. ఇంజను నిలకడగా తిరుగుచున్నప్పుడు బండి యంతయు వణకినచో ప్లగ్గులను చూపించవలెను. ఉన్నవి మూడు సిలిండర్లే. అందులో ఒకటి పని చేయనిచో మూడవ వంతు బలము పోయినట్లే.

మూడవది ముక్కు. పెట్రోలు వాసన వచ్చినచో బండిని నడుపరాదు. గొట్టములను వెంటనే చూపించవలెను. ఎక్కునప్పుడు కాలిన వాసన వచ్చినచో క్లచ్చు పలక జారుచున్నదని అర్థము. క్లచ్చు పెడలు మీద పాదము ఆనించి నడుపు అలవాటు మనలో పలువురకు కలదు. క్లచ్చు త్వరగా అరుగుటకు ఇది ముఖ్య కారణము.

నాలుగవది చేయి. స్టీరింగు ఒక ప్రక్కకు లాగుచున్నచో చక్రముల అమరికను సరిచేయించవలెను. గేరు పడుట కష్టమైనచో మొదట క్లచ్చు తీగను చూడవలెను. తీగ సాగుట చేతనే చాల పర్యాయములు ఈ బాధ కలుగును. బ్రేకు పెడలు మెత్తగా లోనికి పోయినచో ఆ దినమున బండి తీయరాదు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. బండి తిరిగినను తిరుగకున్నను రెండేండ్లకు ఒకసారి దానిని మార్చవలెను.

కంటికి, చెవికి, ముక్కునకు, చేతికి తెలియని భాగము ఒకటి కలదు. అది టైమింగు బెల్టు. ఇంజను లోపలి కదలికలను కాలానుసారముగా నడుపు పండ్ల రబ్బరు పట్టీ అది. తెగునంతవరకు బాగుగానే ఉండును. తెగినంతనే బండి ఉన్నచోటనే ఆగును. దానికి గుర్తు పుస్తకములోని వరుస ఒక్కటియే. ఎన్ని కిలోమీటర్ల వద్ద మార్చితిమో వ్రాసికొనని యజమాని దాని విషయమున దైవము మీద భారము వేసినట్లే. పాత బండి కొనువారు అమ్మువానిని మొదట అడుగవలసిన ప్రశ్న కూడ ఇదియే.

ఇప్పుడు ఖర్చు లెక్కకు వత్తము. 2017 నవంబరులో నాగోలు - అమీర్‌పేట మెట్రో రైలు ప్రారంభమై తార్నాకకు స్టేషను వచ్చెను. ఉద్యోగమునకు మేము మెట్రోలోనే పోవుచున్నాము. కారు అమ్మగారి కొరకును, ఇంటి పనుల కొరకును మాత్రమే. 2024 సంవత్సరమున అది 4,000 కిలోమీటర్లు తిరిగినది. పట్టణపు రద్దీలో లీటరునకు 15 కిలోమీటర్లు ఇచ్చినది. ఆ యేడు హైదరాబాదులో పెట్రోలు లీటరు 107 రూపాయలకు పైబడియే ఉండెను. పెట్రోలునకు అయినది సుమారు 28,600 రూపాయలు. బీమాకు 2,800. ఇంజను ఆయిలు, ఫిల్టర్లు, కూలియు కలిపి 3,200. రెండు టైర్లకు 5,600. బ్యాటరీకి 3,700. ఇరుసు తొడుగులు, బ్రేకు ప్యాడ్లకు 2,900. పొగ పరీక్ష, చిల్లర ఖర్చులకు 1,200. రిజిస్ట్రేషను రుసుములో ఏడాది పాలు 1,000. మొత్తము 49,000 రూపాయలు. కిలోమీటరునకు పన్నెండు రూపాయల పావలా.

పెట్రోలు బంకువద్ద డబ్బిచ్చునప్పుడు మనము కిలోమీటరునకు ఏడు రూపాయలే అగుచున్నదనుకొందుము. తక్కిన అయిదు రూపాయలు కంటికి కనబడవు. అవి ఒక నెల టైర్ల రూపమునను, ఒక నెల బ్యాటరీ రూపమునను వచ్చి, అనుకోని కష్టము వచ్చినట్లు భ్రమ కలిగించును. కాని అది అనుకోని కష్టము కాదు. రాక తప్పని ఖర్చు. నెలకు 1,700 రూపాయల వంతున విడిగా దాచినచో ఏడాదికి 20,400 రూపాయలగును. పెట్రోలు పోగా మిగిలిన మా ఖర్చు సరిగా అంతయే. ఈ విధముగా దాచుట మొదలు పెట్టినది మొదలు బండి మరమ్మతు మా ఇంట వాదమునకు కారణము కాలేదు.

చట్టమునకు చెల్లింపవలసినవి కూడ తెలిసియుండవలెను. ఇతరులకు జరుగు నష్టమును భరించు థర్డ్ పార్టీ బీమా ప్రతి బండికిని తప్పనిసరి. 1,000 సీసీలకు మించని సొంత కార్లకు 2022 జూను 1నుండి దాని వార్షిక రుసుము 2,094 రూపాయలుగా నిర్ణయింపబడెను. పన్ను దీనికి అదనము. 15 ఏండ్లు నిండిన పిమ్మట బండిని చూపించి, అయిదేండ్లకు ఒకసారి రిజిస్ట్రేషను పొడిగించుకొనవలెను. 2018లో మేము మొదటిసారి పొడిగించినప్పుడు కారునకు రుసుము 600 రూపాయలు. 2022 ఏప్రిలునుండి అది 5,000 రూపాయలైనది. 2023లో మేము చెల్లించినది అదియే. 2025 ఆగస్టునందు కేంద్ర ప్రభుత్వము 20 ఏండ్లు దాటిన కార్లకు దానిని 10,000 రూపాయలకు పెంచెను. రాష్ట్ర ప్రభుత్వపు హరిత పన్ను వీనికి అదనము. పాత బండ్లను యజమానులు క్రమముగా విడిచిపెట్టవలెనని ప్రభుత్వపు ఉద్దేశము. పొగను, ప్రమాదములను తలచుకొన్నచో అందు న్యాయము లేకపోలేదు.

పెట్రోలు కూడ మారినది. 2025 నాటికి దేశమంతట 20 శాతము ఇథనాలు కలిపిన పెట్రోలు వ్యాపించెను. ఆ మిశ్రమమునకు రూపొందింపని పాత నాలుగు చక్రముల బండ్లలో ఇంధన సామర్థ్యము 6 నుండి 7 శాతము వరకు తగ్గవచ్చునని 2021లో వెలువడిన నీతి ఆయోగ్ నివేదికయే పేర్కొనెను. పాత రబ్బరు గొట్టములకును, సీళ్ళకును ఇథనాలు అంతగా సరిపడదు. కావున పాత బండి గల వారు పెట్రోలు గొట్టములను ఏడాదికి ఒకసారి పరీక్ష చేయించి, గట్టిపడినవానిని మార్పించుట మంచిది. ట్యాంకును అడుగంటనిచ్చుట కూడ మానవలెను. పెట్రోలులో మునిగియుండి చల్లబడు పంపు, ట్యాంకు ఎండినకొలది వేడెక్కి త్వరగా పాడగును.

ఇన్ని చెప్పిన పిమ్మట, ఈ పాత బండిని ఉంచుకొనుట లాభమా, అమ్ముట లాభమా యని శ్రోతలు ప్రశ్నింపవచ్చును. హైదరాబాదు సహా 13 నగరములలో 2010 ఏప్రిలునుండి కఠినతరమైన పొగ ప్రమాణములు అమలులోనికి రాగా, ఆ నగరములలో ఈ బండి అమ్మకము ఆగిపోయెను. 2014 జనవరిలో దీని తయారీయే ముగిసినది. అయినను విడి భాగములు ఇంకను దొరకుచున్నవి. పనివారికి చేయి తిరిగిన బండి ఇది. మా నిర్ణయము ఇట్లున్నది: నేల రేకు గట్టిగా ఉన్నంతవరకు, బ్రేకులు నమ్మదగినంతవరకు, పెట్రోలు తప్ప మిగిలిన ఖర్చు ఏటికి 25,000 దాటనంతవరకు ఉంచుకొందుము. ఈ మూడింటిలో ఏ యొక్కటి తప్పినను విడిచిపెట్టుదుము. 2028లో రిజిస్ట్రేషను గడువు ముగియును. అప్పటికి బండికి 25 ఏండ్లు నిండును. ఆనాడు పుస్తకము తెరచి, లెక్క చూచి నిర్ణయింతుము. తండ్రిగారి జ్ఞాపకమని మాత్రము ఉంచుకొనము. తుప్పు పట్టిన బండిలో అమ్మగారిని కూర్చుండబెట్టుట తండ్రిగారికి గౌరవము కాజాలదు.

మీ ఇంట ఉన్నది ఏ సంస్థ బండియైనను, కొత్తదైనను పాతదైనను, రేపటి ఆదివారము ఒక చిన్న పని చేయుడు. ఇరువది రూపాయల నోటు పుస్తకము ఒకటి కొని, బండి ముందరి అరలో పెట్టుడు. తేదీ, కిలోమీటర్లు, చేయించిన పని, వ్యయము అని నాలుగు వరుసలు గీయుడు. మొదటి వరుసను ఆనాడే వ్రాయుడు. బండి ఇంటిలోని పెద్దవారిని, పిల్లలను మోయుచున్నది. దానిని తనిఖీ చేయు అధికారి మన దేశమునందు ఏటేట మన వాకిటికి రాడు. ఆ పుస్తకమే ఆ అధికారి.

మొన్నటి ఆదివారము మేము బానెట్టు ఎత్తియుండగా అమ్మగారు వసారాలోనుండి, "నీళ్లు చూసినవా?" అని అడిగిరి. చూచితిమని చెప్పితిమి.